మొదటి వాసనే సాక్షి

పడుకుని ఉండాల్సిన సీసా నిలబడి ఉంది.

కోడలు నేలమాళిగ ఆఖరి మెట్టు మీదే ఆగిపోయింది. అత్తగారు బంగాళాదుంపలు తెమ్మంటే బుట్ట పట్టుకుని దిగింది. ఎడమవైపు గోడకు చెక్క అరలు. అరల్లో మామగారు కూడబెట్టిన వైను సీసాలు వరసగా పడుకుని ఉన్నాయి. అట్టడుగు అర మాత్రం ఖాళీగా ఉంది. అందులో ఉండాల్సిన సీసా పక్కనున్న చిన్న బల్ల మీద, మెడ మీది దుమ్ము తుడిపించుకుని, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నిటారుగా నిలబడి ఉంది.

ఆ ఇంట్లో సీసా నిలబడిందంటే దానికి అర్థం ఒక్కటే. పాత ఎర్ర వైను పడుకునే బతుకుతుంది. పడుకుంటేనే బిరడా తడిగా ఉంటుంది. తెరవాలనుకున్నప్పుడే, ఒక రోజు ముందు దాన్ని లేపి నిలబెడతారు. ఏళ్ళ తరబడి ఒక పక్కకు పట్టిన మడ్డి అడుక్కి దిగాలి కదా.

వేరే ఏ సీసా అయినా ఆమె పట్టించుకునేది కాదు. అది ఆమె భర్త సీసా. అతను పుట్టిన ఏడు ఫ్రాన్సులో పండిన ద్రాక్షతో చేసిన వైను. కొడుకు పుట్టాడన్న సంతోషంలో మామగారు కొని దాచింది. భర్త పోయి రెండేళ్ళయింది. వారానికోసారి అత్తగారు దాని మీద దుమ్ము తుడవడం తప్ప, ఇంకెవరూ ముట్టుకోలేదు.

కోడలు కాసేపు దాన్నే చూసింది. గుండె దడదడ కొట్టుకోవాలి. కొట్టుకోలేదు. ఈ రెండేళ్ళలో ఆమెకు ఏదీ ఏమీ అనిపించడం మానేసింది. పళ్ళ డాక్టరు సూది వేశాక పెదవి ఉండీ లేనట్టుంటుందే, అలా ఉంటోంది ఒళ్ళంతా. నవ్వాల్సిన చోట నవ్వుతుంది. తినాల్సిన వేళకు తింటుంది. అంతే.

మామగారే నిలబెట్టి ఉంటారనుకుంది. కానీ ఇవాళే ఎందుకు?

పైకి వచ్చేసరికి అత్తగారు పొయ్యి దగ్గర నిలబడి ఉంది.

"దుంపలు తెమ్మంటే ఖాళీ బుట్టా నిండు మొహమూ తెచ్చావేంటే. ఎలక కనిపించిందా?"

"లేదత్తయ్యా. మర్చిపోయాను."

"మెట్లు దిగాక మర్చిపోయావా, దిగకముందేనా? కనుక్కుని చెప్పు, నాకూ అదే జబ్బు. కలిసి మందు తెచ్చుకుందాం."

కోడలు నవ్వాల్సిన చోటు కాబట్టి నవ్వింది. సీసా సంగతి చెప్పలేదు. ఆ సీసా నిలబడిందని తెలిస్తే అత్తగారు ఏమైపోతుందోనని భయం. ఆ ఇంట్లో ముగ్గురూ ఇలాగే, ఒకరికోసం ఒకరు నోళ్ళు కుట్టేసుకుని బతుకుతున్నారు.

ఆమె దగ్గర దాచిన మాట ఇంకొకటి కూడా ఉంది. సముద్రం అవతలి వేలం కంపెనీ ఒకటి ఆమెను ప్రధాన వైను పరీక్షకురాలిగా రమ్మంటోంది. ఇవాళ సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి. వారం రోజులుగా బాల్కనీలోకి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడుతోంది. కాదనడానికే నిశ్చయించుకుంది. తను వెళ్ళిపోతే ఈ ఇల్లు కూలిపోతుందని ఆమె లెక్క.

ఆ లెక్క తప్పూ కాదు. ఊళ్ళోని వేలం కంపెనీకి వచ్చే పాత సీసాల్లోంచి ఒకటి తెరిచి, రంగు చూసి, వాసన చూసి, రుచి చూసి, మిగతావాటి విలువ తేల్చడం మామగారి వృత్తి. ఊరంతా ఆయన్ను "ముక్కుగారు" అనేది. ఆమె ఆయన దగ్గర శిష్యురాలిగా చేరి కోడలిగా తేలింది. ముక్కుగారి కొడుక్కు వైనంటే పడదు. అతను లిఫ్టులు బాగుచేసేవాడు. "మా నాన్న జీవితమంతా నేలమాళిగలోకి దిగుతూనే ఉన్నాడు. ఇంట్లో ఒక్కడైనా పైకి పోవాలి కదా" అనేవాడు. ఆమె అతణ్ణి మొదటిసారి చూసింది కంపెనీ లిఫ్టు ఇరుక్కున్న రోజునే.

అలాంటివాడు ఒక రాత్రి పడుకుని తెల్లారి లేవలేదు. "గుండెలో పుట్టుకతోనే ఉన్న లోపం. పైకి కనిపించదు. ఎవరూ కనిపెట్టలేరు" అన్నాడు డాక్టరు. ఆ మాట ముగ్గురూ విన్నారు. ముగ్గురిలో ఒక్కరూ నమ్మలేదు. మర్నాటినుంచి ముక్కుగారు పనిలోకి వెళ్ళలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండిపోయాడు. ఆయన పనంతా కోడలి మీద పడింది.

ఆమె నమ్మకపోవడానికి కారణం వేరే. ఆ రాత్రి పక్కన పడుకున్నది తనే. ఎక్కడో తయారైన సీసాలో ఏ మూల ఏ లోపముందో ఒక్క పీల్పుతో చెప్పే మనిషి, చెయ్యి చాస్తే అందే దూరంలో పడుకున్న మనిషిలో ఏమీ కనిపెట్టలేకపోయింది. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

"సీసా ఎవరు నిలబెట్టారు?"

మామగారు వంటింటి గుమ్మంలో ఉన్నారు. ఎప్పుడు దిగారో, ఎప్పుడు ఎక్కారో. గొంతు పెంచలేదు. ఆయన కోపం ఎప్పుడూ చల్లగానే ఉంటుంది.

అత్తగారు వెనక్కి తిరగలేదు. కూరలు తరుగుతున్న కోడలు చేతిలోని కత్తి కింద పెట్టింది.

"మీరనుకున్నాను మావయ్యా."

"నేనా? నేను దాని వంక చూసి రెండేళ్ళయింది." ఆయన ఒక అడుగు లోపలికి వేశారు. "వెళ్ళేదానివి వెళ్ళమ్మా. నిన్నెవరూ పట్టుకోలేదు. కానీ పోతూ పోతూ వాడి సీసా కూడా తెరిచి పోవాలా?"

కోడలు చప్పున తలెత్తింది.

"నాకు తెలియదనుకున్నావా? నిన్ను తీసుకోబోయేవాళ్ళు నీ గురించి అడగాల్సింది ఎవర్నంటావు? వారం కిందటే ఫోన్ చేశారు. మీ కోడలు పని ఎలా చేస్తుందని అడిగారు. నాకన్నా బాగా చేస్తుందన్నాను. మరి నాకు ఒక్క మాట చెప్పాలని నీకెందుకు అనిపించలేదు?"

"వెళ్ళడం లేదు కాబట్టి చెప్పలేదు."

"వెళ్ళనిదానివి బాల్కనీలో గుసగుసలెందుకు?"

"నేను నిలబెట్టలేదు మావయ్యా."

"నువ్వు కాదు, నేను కాదు. మరి దానికే కాళ్ళొచ్చాయా?"

"నేను నిలబెట్టాను."

పొయ్యి కట్టేస్తూ అంది అత్తగారు, పాలు కాచాను అన్నంత మామూలుగా. ఇద్దరూ అటు తిరిగారు. ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నిన్న పొద్దున నిలబెట్టాను. ముప్పై ఏళ్ళుగా మీరు చేస్తుంటే చూస్తూనే ఉన్నాను. సీసా నిలబెట్టడానికి వేరే చదువు చదవాలా?"

"నువ్వా?" మామగారి గొంతు మారిపోయింది. "వారం వారం దాన్ని పసిపిల్లాడిలా తుడిచేదానివి. నువ్వు తెరవమంటున్నావా?"

"తుడిచీ తుడిచీ విసుగొచ్చిందండీ." ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "అది అక్కడ పడుకుని ఉన్నంతకాలం ఈ ఇంట్లో ఎవరూ లేవరు. మీరు కుర్చీలోంచి లేవరు. ఈ పిల్ల గడప దాటదు. బాల్కనీ మాటలు మీకే కాదు, నాకూ వినిపించాయి. నా చెవులు ఇంకా పనిచేస్తున్నాయి. తెరవండి. ఉందో పోయిందో తేలిపోతుంది."

"పోయే ఉంటుంది," అన్నారాయన గోడవైపు చూస్తూ.

"అదే మీ భయం."

"అవును. అదే నా భయం. వాడు పెళ్ళిరోజున అడిగాడు, నాన్నా నా సీసా తెరవమని. ఇంకా పసిదిరా, రెండేళ్ళాగు అన్నాను. రెండేళ్ళాగి మళ్ళీ అడిగాడు. ఇంకో రెండేళ్ళన్నాను. వాడికి వైను మీద ఇష్టం లేదు, నాతో కూర్చుని తాగాలని అడిగాడు. నాకది తెలుసు. తెలిసి కూడా వైను సంగతే చూశాను." ఆయన ఆగారు. "ఇప్పుడు తెరిస్తే, అది కూడా అదను దాటిపోయి ఉంటే, ఇక నేను ఏమని చెప్పుకోవాలి?"

అత్తగారు లేచి నేలమాళిగ వైపు నడిచింది. కాసేపటికి సీసాను రెండు చేతులతో, కొంచెం కూడా వంచకుండా తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఇక ఆగడం ఆయన వల్ల కాలేదు. వృత్తి చేతుల్లో ఉండిపోయింది. మామూలు బిరడా మర గుచ్చితే పాత బిరడా పొడిపొడిగా రాలిపోతుంది. రెండు పలచటి రేకులున్న పనిముట్టు తీసి, ఒక రేకు ఇటు, ఒక రేకు అటు దింపి, మెల్లగా తిప్పుతూ లాగారు. బిరడా ముక్క కాకుండా వచ్చింది. సీసా మెడ వెనక దీపం పెట్టి గాజు కూజాలోకి వంచారు. ఎర్రటి ధార సన్నగా, తేటగా దిగింది. మెడ దగ్గరికి నల్లటి మడ్డి రాగానే చెయ్యి ఆగిపోయింది. చెయ్యి వణకలేదు. కోడలు అది గమనించింది.

అలవాటు ప్రకారం బల్ల మధ్యలో ఉమ్మి గిన్నె పెట్టారు. పరీక్షలో ఎవరూ మింగరు. చూస్తారు, పీలుస్తారు, నోట్లో తిప్పుతారు, ఉమ్మేస్తారు. ఇంకో నియమం కూడా ఉంది. అందరూ పూర్తిచేసేదాకా ఎవరూ పెదవి విప్పకూడదు.

కోడలు గ్లాసును తెల్లగుడ్డ మీదికి వంచి చూసింది. మధ్యలో పాత ఇటుక రంగు, అంచున పలచటి నారింజ. వయసుకు తగ్గ రంగే. గ్లాసు ముక్కు దగ్గర పెట్టి, కంపెనీలో రోజూ వచ్చే ఎన్నో సీసాల్ని పీల్చినట్టే ఒక్కసారి చిన్నగా పీల్చి దించేసింది. ఇది అతని సీసా అన్న స్పృహ ఎక్కడో దూరంగా ఉంది. ముక్కు మాత్రం తన పని చేసింది.

పండు లేదు. పువ్వు లేదు. ఆ ఖాళీ వెనకాల సన్నగా, వానకు తడిసిన అట్టపెట్టె వాసన. మరుక్షణంలో అదీ లేదు.

ఆమె తలెత్తి మామగారిని చూసింది. ఆయన ముక్కు ఇంకా గ్లాసులోనే ఉంది. కళ్ళు మూసుకుని పీలుస్తున్నారు, మళ్ళీ పీలుస్తున్నారు. నీళ్ళలో పారేసుకున్నదేదో చేత్తో దేవులాడుతున్నట్టు ఆయన ఆ గ్లాసులోంచి బయటికి రాలేదు. చివరికి ఒక గుక్క నోట్లో తిప్పారు. కానీ ఉమ్మడానికి గిన్నె వైపు వంగలేదు. అలాగే ఉండిపోయారు. గొంతు కదిలింది.

"పోయింది," అన్నారు గ్లాసు దించి.

అత్తగారు బల్ల అంచు పట్టుకుంది.

"ఏమీ మిగల్లేదు. ముసలిదై పోయింది. వాడి పెళ్ళినాటికి వయసులో ఉండేది. అప్పుడు తెరిచి ఉంటే పూల తోటలా ఉండేది. నేనే ఆపాను." ఆయన గొంతులో ఏడుపు లేదు. వేలం కంపెనీకి నివేదిక చదువుతున్నట్టే చదివారు. "దీన్ని చంపింది నేనే."

అక్కడితో వదిలేస్తే సరిపోయేది. ఆయన మాటకు ఆమె ఎన్నడూ ఎదురు చెప్పలేదు. చెబితే జాలిపడి అబద్ధం ఆడిందంటారు. ఊరుకుంటే ఆయన మళ్ళీ కుర్చీలోకి వెళతారు, తను ఫోన్ చేసి కాదంటుంది, సీసా కడిగేస్తారు. అంతా ఇదివరకటిలాగే నడుస్తుంది. అలా నడవడం ఆమెకు అలవాటే.

"వయసు కాదు మావయ్యా. బిరడా జబ్బు."

బిరడాకు పట్టిన బూజు వైనులోకి దిగి, పండు వాసనను చంపి తడి అట్ట వాసన మిగిల్చే లోపం అది.

ఆయన మెల్లగా తల తిప్పారు. "నా మీద జాలి వద్దమ్మా."

"జాలి కాదు."

"బిరడా జబ్బు నాకు తెలియదా? గది అవతలినుంచి పట్టేవాణ్ణి."

"అవతలినుంచి పట్టేవారు. ఇవాళ లోపల దూరి కూర్చున్నారు." ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకు. "మొదటి వాసనే సాక్షి, తర్వాతవన్నీ వకీళ్ళు. ఈ మాట నాకు చెప్పిందెవరు? చేరిన రోజున గ్లాసులో ముక్కు పెట్టి ఆలోచిస్తుంటే నా చేతిమీద కొట్టి మరీ చెప్పారు. ఈ జబ్బు ముక్కును మొద్దుబారుస్తుంది, ఎంతసేపు పీలిస్తే అంత దాక్కుంటుంది, ఒక్క పీల్పులో పట్టాలి అన్నారు. ఇప్పుడు మీరు ఎంతసేపు పీల్చారో మీకే తెలియదు."

ఆయన గబుక్కున గ్లాసు మళ్ళీ అందుకున్నారు. పీల్చారు. నుదురు ముడిపడింది.

"ఏమీ తెలియడం లేదు," అన్నారు. జీవితంలో మొదటిసారి అన్నట్టుగా అన్నారు.

"నాకు తెలిసింది. తడి అట్ట. ఒక్క క్షణమే."

"నువ్వొక్కదానివే చెబితే తీర్పు కాదు. నువ్వు నా కోడలివి. నన్ను బతికించుకోవాలని చూస్తావు."

కోడలు లేచి పొయ్యి గట్టు దగ్గరికి వెళ్ళింది. మిగిలిన కూరల గిన్నెల మీద అత్తగారు కప్పే పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్ట తెచ్చింది. బారెడు చింపి, నలిపి ఉండ చేసి, కూజాలోని వైనులో పడేసి గరిటెతో తిప్పసాగింది.

"ముప్పై ఏళ్ళు దాచి, చివరికి దాంట్లో నా కాగితం వేస్తున్నావా?" అంది అత్తగారు.

"ఆ జబ్బు ఈ కాగితానికి అంటుకుంటుంది అత్తయ్యా. అంతా పోదు, కొంత పోతుంది. అడుగున ఏమైనా బతికుంటే అప్పుడు తెలుస్తుంది. నిజంగా ముసలిదైపోయి ఉంటే ఎంత తిప్పినా రాదు."

మామగారికి ఈ చిట్కా తెలుసు. అమ్మకానికి పనికిరాదు, సందేహం తీర్చుకోవడానికి పనికొస్తుంది. ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళి, మొద్దుబారిన ముక్కు తేరుకోవడానికి చొక్కా మోచేతి మడతలో ముఖం దాచుకున్నారు. అది పరీక్షకుల పద్ధతి. దూరంనుంచి చూస్తే మాత్రం ఏడుస్తున్న మనిషిలా ఉన్నారు.

గరిటె తిరుగుతోంది. అత్తగారు గొంతు తగ్గించింది.

"వెళ్ళాలని ఉందా లేదా? నిజం చెప్పు."

"తెలియదత్తయ్యా. ఉందో లేదో కూడా తెలియడం లేదు."

"అది తెలియాలంటే ముందు ఇక్కణ్ణించి కదలాలి. కూర్చున్న కాలికి తిమ్మిరెక్కితే లేచి నడిస్తేనే కదా పోయేది."

కోడలు గరిటె ఆపింది. "ఆ రాత్రి నేను పక్కనే ఉన్నాను అత్తయ్యా."

"తెలుసు."

"నాకు తెలియలేదు."

అత్తగారు ఆమె వైపు చెయ్యి చాచింది. బాల్కనీ తలుపు తెరుచుకుంది.

మామగారు కూర్చున్నారు. కోడలు కాగితం ఉండ తీసేసి కొత్త గ్లాసుల్లో పోసింది. ఆయన ఈసారి గ్లాసు అందుకుని, ఒక్కసారి పీల్చి, వెంటనే బల్ల మీద పెట్టేశారు. గురువు ముందు కూర్చున్న కొత్త శిష్యుడిలా.

తర్వాత పెదవులు కదిలాయి.

"ఉంది."

కోడలు తన గ్లాసు పైకెత్తింది. ఎక్కడో లోతునుంచి, తలుపు సందులోంచి వచ్చినట్టు, నల్లద్రాక్ష. ఎండిన గులాబీ రేకులు. అప్పుడే చెక్కిన పెన్సిలు. బలం లేదు. తూలుతోంది. కానీ ఉంది.

"జబ్బుదేగానీ ముసలిది కాదు. బిరడా పెట్టిన రోజే అంటుకుంది," అన్నారాయన. "వాడి పెళ్ళికి తెరిచినా ఇంతే. పదేళ్ళ ముందు తెరిచినా ఇంతే."

"అంటే మొదటి రోజునుంచే లోపలుందా?" అడిగింది అత్తగారు.

"మొదటి రోజునుంచే."

"పైకి కనిపించదా?"

"తెరిస్తే తప్ప కనిపించదే. ఎవరికీ కనిపించదు."

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చాక ఆయనకే వినిపించింది. ముగ్గురూ దాన్ని ఇదివరకు ఒక ఆసుపత్రి వరండాలో, తెల్లకోటు వేసుకున్న మనిషి నోట విన్నారు.

అత్తగారు కొడుకు పోయినప్పుడు అందరి ముందూ నిబ్బరంగా నిలబడింది. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చింది, ఇద్దరికీ అన్నం పెట్టింది, రెండేళ్ళు సీసా తుడిచింది. ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని, ఆగకుండా ఏడ్చింది. మామగారు తన కుర్చీని జరుపుకుంటూ జరుపుకుంటూ ఆవిడ పక్కకు తెచ్చుకున్నారు. ఏం చెయ్యాలో తెలియక, గ్లాసు పట్టుకున్నంత జాగ్రత్తగా ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

కోడలికి వెంటనే ఏడుపు రాలేదు. ముందు వేళ్ళ కొసల్లో మొదలైంది, తిమ్మిరి వదిలేటప్పుడు సూదులు గుచ్చినట్టు. నొప్పిగా ఉంది. చాలాకాలానికి నొప్పిగా ఉంది. అత్తగారు రెండో చేత్తో ఆమె తలను భుజానికి లాక్కుంది.

"నీకు తెలియలేదంటే అక్కడ తెలియడానికి ఏమీ లేదనే తల్లీ," అంది చెవిలో. "నీకన్నా మంచి ముక్కు ఎవరికుంది?"

"నాకు లేదని ఇవాళ తేలిపోయిందిగా," అన్నారు మామగారు.

ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. "నాకూ ఒక గ్లాసు పొయ్యండి. వాసన చూసి బాగుందని చెప్పడమేనా, ఎవరైనా తాగేదుందా?"

"త్వరగా తాగాలి. గాలి తగిలాక ఎక్కువసేపు నిలవదు," అంటూ ఆయన మూడు గ్లాసులు నింపారు. కోడలి గ్లాసు ముందుకు జరుపుతూ ఆమె ముఖం చూడకుండా అన్నారు. "సోమవారంనుంచి నా బల్ల నేను చూసుకుంటాను. వాళ్ళు సాయంత్రందాకా ఆగుతామన్నారట కదా, ఇప్పుడే ఫోన్ చేసి చెప్పెయ్. అక్కడ ఎవరైనా గ్లాసులో ముక్కు దూర్చి కూర్చుంటే చేతిమీద ఒక్కటెయ్యి."

అత్తగారు ఒక గుక్క తాగి ముఖం వికారంగా పెట్టింది. "ఇదా? దీనికోసమా మీరు ముప్పై ఏళ్ళు..."

"వాడూ సరిగ్గా ఇలాగే అనేవాడు," అన్నారు మామగారు.

అప్పుడు కోడలికి ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం ఫోన్ మాట్లాడి వచ్చేసరికి అత్తగారు బల్ల సర్దుతోంది. సీసా కడిగి కిటికీ అంచు మీద ఎండలో నిలబెట్టింది. మామగారి కుర్చీ ఖాళీగా ఉంది. లోపలి గదిలో పని చొక్కాలు వెతుకుతూ బీరువా తలుపులు చప్పుడు చేస్తున్నారు.

"ఏమన్నావు?" అడిగింది అత్తగారు.

"వస్తానన్నాను."

అత్తగారు తలూపింది. బల్ల మధ్యలో ఉన్న ఉమ్మి గిన్నెను కడగడానికి తీసి, లోపలికి చూసి, ఆమె చేతికిచ్చింది.

గిన్నె పొడిగా ఉంది.